అన్నం మీద అభాండం

పిల్లలూ, ఇవాళ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఒక పని చెయ్యండి. కంచంలో అన్నం పడగానే, పప్పూ కూరా కలపకముందే, ఉత్తన్నం చిన్న ముద్ద నోట్లో పెట్టుకోండి. గబుక్కున మింగెయ్యకండి. ఓ నిమిషం పైగా నములుతూనే ఉండండి. మొదట చప్పగా ఉంటుంది. కాసేపటికి, ఎవరూ పంచదార చల్లకుండానే, నాలిక మీద సన్నగా తీపి తగులుతుంది.

ఎక్కణ్ణించి వచ్చిందర్రా ఆ తీపి? అన్నంలోంచే వచ్చింది. బియ్యపు గింజ నిండా ఉండేది పిండిపదార్థం. ఆ పిండిపదార్థమంటే వేరే ఏదో కాదు, గ్లూకోజు అనే చక్కెరే వందలూ వేలుగా ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి గొలుసులైంది. గొలుసుగా ఉన్నంతసేపూ నాలికకు తీపి తెలియదు. మన ఉమ్మిలో అమైలేజ్ అనే ఎంజైము ఉంది, అది ఆ గొలుసుల్ని పటపటా తెంపుతుంది. తెగిన చిన్న ముక్కలు నాలికకు తియ్యగా తోస్తాయి. నోట్లో మొదలైన ఈ పని పేగుల్లో పూర్తవుతుంది, చివరికి ఆ పిండి దాదాపు అంతా గ్లూకోజై నెత్తుట్లో కలుస్తుంది. పెద్దవాళ్ళు "బాగా నమిలి తినండిరా" అని వెంటపడేది ఊరికే కాదు, జీర్ణమయ్యే పనిలో మొదటి వంతు నోటిదే.

ఇదంతా చెబుతుంటే మా మనవరాలు వెంటనే పట్టేసింది. "అయితే తాతయ్యా, అన్నం తింటే షుగరొస్తుందని అందరూ అనేది నిజమేగా?" అంది. ఈ మాట ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినపడుతోంది. పొద్దున్న ఓట్సు, రాత్రి చపాతీ, మధ్యలో అన్నం తిన్నందుకు అపరాధభావం. నాకు మనసులో కష్టంగా ఉంటుంది. నాలుగు వేళ్ళతో కలుపుకుని తిని పెరిగిన జాతి మనది. నేరం అన్నానిదే అని తేల్చేముందు దాని కథ కూడా వినాలి కదా. వింటే మీకే తెలుస్తుంది, అందులో అన్నం తప్పెంత, మన తప్పెంత అన్నది.

ముందు తవుడు సంగతి. వడ్ల గింజకు పైన ఊక ఉంటుంది. ఊక ఊడితే లోపల లేతగోధుమ రంగు పొర ఉంటుంది, అదే తవుడుగా రాలేది. ఒక కొసన చిన్న మొలక ఉంటుంది. రోకటితో దంచే రోజుల్లో ఊక పోయేది కానీ, ఆ పొర చాలావరకు గింజను అంటిపెట్టుకునే ఉండేది. దాన్నే దంపుడు బియ్యం అంటాం. మరలు వచ్చాక మల్లెపూవులా తెల్లగా వస్తోందని సంబరపడి, ఆ పొరను తీయించి గేదెలకు వేశాం. గేదెలు బాగుపడ్డాయి. పీచూ, బి విటమిన్లూ, కాస్త నూనే అన్నీ అందులోనే ఉన్నాయి మరి.

అది పోతే ఏమవుతుందో లోకానికి మొదట చెప్పినవి కోళ్ళు. జావా దీవిలో బటేవియా అని ఊరు, ఇప్పటి జకార్తా. 1890 ప్రాంతంలో అక్కడ క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పనిచేస్తున్నాడు. కాళ్ళు చచ్చుబడతాయి, ఒళ్ళు నీరు పడుతుంది, గుండె నీరసించి మనిషి పోతాడు. ఏదో సూక్ష్మజీవి వల్లనేనని అనుకుని ఆయన ప్రయోగాలకు కోళ్ళను పెంచుతున్నాడు. ఉన్నట్టుండి ఆ కోళ్ళకూ కాళ్ళు పడిపోయాయి. నిలబడలేవు, నడవలేవు. కొన్నాళ్ళకు ఏ మందూ లేకుండానే లేచి తిరగసాగాయి! ఇదేం చిత్రమని ఆరా తీస్తే గుట్టు వంటింట్లో బయటపడింది. కోళ్ళను చూసే మనిషి కొంతకాలం సైనికాసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం తెచ్చి వాటికి పెట్టాడు. తరవాత వంటవాడు మారాడు. "సైన్యం అన్నం సైన్యానివి కాని కోళ్ళకు పెట్టడమేమిటి?" అని కొత్తవాడు ఇవ్వనన్నాడు. దాంతో కోళ్ళకు మళ్ళీ ముతక బియ్యమే దక్కింది, అవి బతికి బయటపడ్డాయి. ఆ వంటవాడి పంతం వైద్యానికి ఎంత మేలు చేసిందో చూడండి.

ఐక్‌మన్ మొదట్లో తెల్లబియ్యంలోనే ఏదో విషం ఉందని, తవుడు దానికి విరుగుడని అనుకున్నాడు. తరవాత ఆయన స్థానంలో పనిచేసిన ఖెరిట్ ఖ్రైన్స్ అసలు విషయం పట్టుకున్నాడు: విషం లేదు, ఒంటికి కావలసినదేదో తవుడుతో పాటే పోతోంది. అదే ఇవాళ మనం బి1 విటమిన్ అంటున్న థయామిన్. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. ఇందులో నాకు ముచ్చటగా తోచేదేమిటంటే, అన్నంలోంచి వచ్చిన గ్లూకోజును ఒళ్ళు శక్తిగా మార్చుకోవాలంటే కావలసిన సరంజామాలో ఈ థయామిన్ ఒకటి. గింజ తనలోని పిండిని వాడుకునే సాధనాన్ని తన పైపొరలోనే దాచి ఇచ్చింది. మనం పిండిని ఉంచుకుని సాధనాన్ని పారేశాం.

ఇది ఎక్కడో జావా గొడవ అనుకునేరు. మన కోస్తా జిల్లాల్లో, అప్పట్లో ఉత్తర సర్కారులనేవారు, మరపట్టిన పచ్చిబియ్యం తినేచోట బెరిబెరి ఉండేది. అదే మద్రాసు రాష్ట్రంలో ఉప్పుడు బియ్యం తినేవాళ్ళ జోలికి అది దాదాపుగా వచ్చేది కాదు. కారణం మహా సులువైనది. ఉప్పుడు బియ్యానికి వడ్లను ఊకతో సహా నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి, అప్పుడు మర పట్టిస్తారు. నానేటప్పుడూ ఉడికేటప్పుడూ పైపొరలోని థయామిన్ నీళ్ళతో పాటు గింజ లోపలికి ఇంకుతుంది. ఇక పైన తవుడు పోయినా కొంత లోపల మిగులుతుంది. పేరూ ఊరూ తెలియని పల్లెజనం విటమిన్ అన్న ఊహే లేని కాలంలో ఈ పని చేసిపెట్టారు. ఈ బెరిబెరి మీద పరిశోధనకే 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ఒకే ఒక్క గదిలో చిన్న ప్రయోగశాల పెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. దేశమంతా ఎవరు ఏం తినాలో లెక్కలు కట్టేది వాళ్ళే.

దంపుడు బియ్యం కొంటే కొద్దికొద్దిగా కొనమని మీ అమ్మకు చెప్పండి. పైపొరలో నూనె ఉంటుంది కాబట్టి తొందరగా ముక్క వాసన వస్తుంది, పురుగూ పడుతుంది. వండేముందు అరగంటో గంటో నాననివ్వాలి. అందరికీ రుచించకపోతే బలవంతం లేదు, ఒకపాలు తెల్లబియ్యం కలిపి వాడుకోండి. కానీ ఆ తెల్లబియ్యాన్ని అయిదారు నీళ్ళు కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలిన కాస్త విటమినూ తూములోకే పోతుంది. రెండు నీళ్ళు కడిగి, ఎసరు సరిపడా పోసి అత్తెసరు వండితే అంతా గిన్నెలోనే ఉంటుంది. గంజి వార్చే అలవాటుంటే ఆ గంజిలో ఉప్పూ మజ్జిగా కలుపుకు తాగండి.

అన్ని బియ్యాలూ ఒక్కలాటివి కావు, ఇదీ తెలుసుకోవాలి. గ్లూకోజు తాగితే నెత్తుట్లో చక్కెర ఎంత పెరుగుతుందో దాన్ని 100 అనుకుని, మిగతా తిండ్లను దానితో పోల్చి చూసే కొలత ఒకటుంది, గ్లైసీమిక్ ఇండెక్స్. మామూలు తెల్లన్నం చాలావరకు 70 చుట్టుపక్కల ఉంటుంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి తెలుసుగా, మన ఇళ్ళల్లో అందరికీ ఇష్టమైన సన్నబియ్యం. దానికి ఎండాకు తెగులు తట్టుకునే గుణం చేర్చి హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనాలయం, వరి పరిశోధన సంస్థ కలిసి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చాయి. పరీక్షిస్తే దాని కొలత 51 దగ్గర తేలింది. రైతు కోసం చేసిన పని తినేవాడికీ కలిసొచ్చింది.

ఇక కంచం సంగతి. నేను పెళ్ళిళ్ళలో చూస్తుంటాను, ఇళ్ళల్లోనూ అంతే, అన్నం కొండంత, కూర గోరంత. పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారం రోజంతటి శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. కూరలూ పళ్ళూ కలిపి మనిషికి రోజుకు అర కిలో ఉండాలి. అంటే కూర నంజుకోవడం కాదర్రా, కూరలో అన్నం కలుపుకోవాలి. ముందు కాస్త కూరో, కీరదోస ముక్కలో, పప్పో తిని ఆ తరవాత అన్నానికి వస్తే ఇంకా మంచిది. పీచూ మాంసకృత్తులూ ముందు కడుపులోకి వెళితే అన్నంలోని గ్లూకోజు నెమ్మదిగా నెత్తురు చేరుతుంది. అదే అన్నం, అంతే అన్నం, కానీ ఒంటి మీద భారం తగ్గుతుంది.

పప్పన్నం గురించి చెప్పకపోతే నాకు తోచదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో తొమ్మిదింటిని ఒళ్ళు తనంతట తాను చేసుకోలేదు, తిండిలోనే రావాలి. బియ్యంలో లైసీన్ తక్కువ, మెథయోనిన్ బాగానే ఉంటుంది. కందిపప్పులో లైసీన్ దండిగా ఉంటుంది, మెథయోనిన్ తక్కువ. రెండూ కలిసేసరికి లోటు తీరిపోతుంది. ఇడ్లీలో మినపప్పూ బియ్యమూ అంతే, పులగంలో పెసరపప్పూ బియ్యమూ అంతే. రోజూ పప్పేనా అని మూతి ముడిచేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. పలచటి పప్పుచారు గరిటెడు పోసుకుని పప్పు తిన్నాం అనుకుంటే మాత్రం లాభం లేదు, ముద్దపప్పులా గట్టిగా ఉండాలి.

ఆకుకూర అన్నారంటే నాకు భీమవరం గుర్తొస్తుంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అనే పేగు జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్నారు. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలల్లో తన బృందంతో కలిసి 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. ఆ జబ్బుతో వచ్చే రక్తహీనతకు అది మందైంది. కొత్త రక్తకణాలు పుట్టడానికీ, కడుపులో బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడటానికీ కావలసిన విటమిన్ అది. తోటకూర, పాలకూర, పెసలు, శనగల్లో ఉంటుంది. ఎక్కువసేపు ఉడికితే పాడవుతుంది, నీళ్ళలోకి దిగిపోతుంది. అందుకని ఆకు ముందు కడిగి తరవాత తరగాలి, మూతపెట్టి తక్కువ నీళ్ళతో వండాలి. నీళ్ళు మిగిలితే చారులో పొయ్యాలి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడం కొంచెం కష్టం. అందులో నిమ్మరసం పిండితే సి విటమిన్ తోడై బాగా పడుతుంది. భోజనం చేసిన చేతులు ఆరకుండానే టీ, కాఫీ తాగితే పట్టేదీ పట్టకుండా పోతుంది. కనీసం గంట ఆగాలి. ఇంట్లో పాత ఇనప మూకుడు ఉంటే అటక మీంచి దింపించండి. అందులో పులుపు వేసి వండితే కొంత ఇనుము కూరలోకే దిగుతుంది. వండాక అందులోనే ఉంచకుండా వేరే గిన్నెలోకి తీస్తే రంగూ రుచీ చెడవు.

చద్దన్నం మంచిదేనా అంటారా? మంచిదే. ఉడికిన పిండి గొలుసులు చల్లారేకొద్దీ మళ్ళీ దగ్గరగా సర్దుకుని గట్టిపడతాయి. వాటిలో కొన్నింటిని మన ఎంజైములు తెంపలేవు. అవి పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. అయితే అది మొత్తంలో కొద్ది భాగమే, చద్దన్నం కదా అని రెండింతలు తింటే లెక్క సరికి సరే! ఇంకోటి, రాత్రి అన్నాన్ని ఊరికే బల్లమీద వదిలేస్తే అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి వాంతులు పట్టుకుంటాయి, మళ్ళీ వేడిచేసినా దాని విషం పోదు. మజ్జిగ పోసి పులియబెట్టిన అన్నంలోనూ, తరవాణిలోనూ పులుపు దాన్ని చాలావరకు అదుపులో ఉంచుతుంది. మజ్జిగ పోయని అన్నం మిగిలితే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టడమే.

సరే, గ్లూకోజు నెత్తుట్లోకి వచ్చింది. అప్పుడేమవుతుంది? ఒక లెక్క చెబుతాను, నాకైతే ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. పెద్దమనిషి ఒంట్లో అయిదు లీటర్ల నెత్తురు ఉంటుంది. అందులో ఏ సమయంలోనైనా తిరిగే గ్లూకోజు మొత్తం కలిపి సుమారు అయిదు గ్రాములు, చిన్న చెంచాడు! 100 గ్రాముల బియ్యం వండుకు తింటే అందులో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటుంది. చెంచాడు పట్టేచోటికి పదిహేను చెంచాలు వచ్చిపడుతున్నాయి. కొట్టుకుపోవద్దూ? పోము, ఎందుకంటే ఒంట్లో గాదెలున్నాయి. కాలేయం చిన్న గాదె, 100 గ్రాముల దాకా పడుతుంది. కండరాలు పెద్ద గాదె, 400 గ్రాముల చుట్టుపక్కల. ఇన్సులిన్ అనే హార్మోను వచ్చి గాదె తలుపు తీస్తుంది, గ్లూకోజు లోపలికి పోతుంది. మరి గాదెలోంచి ఎవరూ గింజ తియ్యకుండా పూటపూటా పోస్తూ ఉంటే? నిండిపోతుంది. తలుపు బిగుసుకుంటుంది, ఇన్సులిన్ ఎంత తోసినా తెరుచుకోదు. ధాన్యం వాకిట్లోనే కుప్పపడుతుంది. షుగరు జబ్బు చాలామందికి వచ్చే దారి ఇదే. పెద్ద గాదెను ఖాళీ చేసేది ఒక్కటే, కండరం కదలడం.

ఇందులో అందమైన కిటుకు ఒకటుంది. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ పిలుపు కోసం చూడదు, తన తలుపు తనే తీసుకుని గ్లూకోజును లాక్కుంటుంది. అందుకే భోంచేసిన అరగంటలోపు పది పదిహేను నిమిషాలు మామూలు నడక నడిస్తే నెత్తుట్లో చక్కెర అంత ఎత్తుకు ఎగరదు. పరుగెత్తక్కర్లేదు, వీధి చివరి దాకా వెళ్ళి రావడం చాలు. షుగరుకు మందులు వాడే పెద్దవాళ్ళు మాత్రం డాక్టరుతో మాట్లాడాకే అలవాట్లు మార్చుకోవాలి. కండరానికి ఆ క్షణానికి కావలసిన శక్తి ఎక్కడ దాగి ఉంటుందో వెతికినవాళ్ళలోనూ మన సుబ్బారావుగారు ఉన్నారు. 1927లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టారు. గభాలున లేచి పరుగందుకునే మొదటి కొన్ని సెకన్ల శక్తి దాని చలవే. తినే ఆకులోని విటమినూ, పరుగెత్తే కాలిలోని శక్తీ రెండూ ఆయన చేతికి చిక్కాయంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మీ పాఠాల్లో ఆయన గురించి ఇంకా ఎక్కువ ఉండాలి.

కదిలితే ఏం లాభమో లండన్ బస్సుల్లో బాగా తేలింది. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ప్రచురించిన పరిశోధన అది. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు పొద్దస్తమానం కూర్చునే ఉంటాడు, కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఒకే బస్సు, ఒకే ఊరు. గుండెజబ్బులు డ్రైవర్లకు ఎక్కువ, కండక్టర్లకు తక్కువ. ఎవరూ వ్యాయామం అనుకుని చేసింది కాదు, ఉద్యోగమే అలాంటిది.

మా నాయనమ్మ కాలంలో రుబ్బురోలు, తిరగలి, నూతిలో చేద, ఇవే ఆడవాళ్ళ వ్యాయామం. అలా అని ఆ రోజులు బంగారమని నేను చెప్పను. అందరికీ పెట్టి, మిగిలింది తిని, నెత్తురు లేక పాలిపోయినవాళ్ళు ఎందరో. మిక్సీ రావడం మంచిదే అయింది. అది మిగిల్చిన గంటలో అరగంట నడకకు ఇవ్వాలి, ఇంట్లో ఆడవాళ్ళకు ఆ అరగంట దొరికేలా మగవాళ్ళు గిన్నెలు కడగాలి. పెద్దవాళ్ళకు వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమ, రెండు రోజులు బరువుతో పని కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నాలాంటి వయసు వాళ్ళకు ఆ బరువు పని మరీ ముఖ్యం, ముప్పై దాటాక కండ నెమ్మదిగా తరుగుతూ వస్తుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చున్నా తొడలకు మంచి పనే.

మీకైతే రోజుకు గంట ఆట ఉండాలి. పీటీ పీరియడ్‌లో లెక్కలు చెప్పించుకోవడం నాకసలు నచ్చదు. కోతికొమ్మచ్చి, కబడ్డీ, తొక్కుడుబిళ్ళ ఏదైనా సరే, గెంతే ఆట అయితే మరీ మంచిది. పాదం నేలకు ధాటిగా తగిలినప్పుడల్లా ఎముకలోని కణాలకు ఆ ఒత్తిడి తెలుస్తుంది, అక్కడ ఎముక మరికాస్త గట్టిగా కట్టుకుంటాయి. దానికి కాల్షియం కావాలి. 100 గ్రాముల చోళ్ళలో, అదే రాగుల్లో, సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, అంత బియ్యంలో పదో వంతు కూడా ఉండదు. అందుకే పొద్దున్న అంబలి తాగమంటాను. పాలూ పెరుగూ సరేసరి. ఆ కాల్షియాన్ని పేగులు లోపలికి తీసుకోవాలంటే డి విటమిన్ కావాలి, దాన్ని చర్మం ఎండలో తయారుచేసుకుంటుంది. ఆట ఆరుబయట ఆడమనేది అందుకే. ముప్పై ఏళ్ళ లోపు ఎముక ఎంత గట్టిపడితే అంతే. ఆ తరవాత కొత్తగా చేరేది స్వల్పం, ఉన్నదాన్ని కాపాడుకోవడమే.